కేసెట్టు నుండి చిన్న పెట్టె దాకా: మన ఇండ్లలోకి తెలుగు బొమ్మ వచ్చిన దారి



కొన్ని నెలలుగా మన సంఘంలో రెండు ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. టీవీకి తగిలించుకోవడానికి తక్కువ ధరలో ఏ కంప్యూటర్ కొనాలని వయసు పిల్లకాయలు అడుగుతున్నారు. అటక మీద పెట్టిన పెండ్లి కేసెట్లను మళ్ళీ చూసే దారి ఏమైనా ఉందా అని పెద్దవాళ్ళు అడుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే పెట్టెలో ఉంది. అయితే ఏ పెట్టె కొనాలో తెలియాలంటే, మన ఇండ్లలోకి తెలుగు బొమ్మ ఏ దారిన వచ్చిందో ముందు తెలుసుకోవాలి. అందుకే కొంచెం వెనక్కి పోయి మొదలుపెడుతున్నాము. ఓపికగా చదవండి.

తెలుగు సినిమా పెరిగింది మద్రాసులోనే. వడపళనిలోని విజయా వాహినీ స్టూడియోలో తెలుగు, తమిళ బొమ్మలు పక్కపక్క ఫ్లోర్లలో తయారయ్యేవి. 1957లో వచ్చిన మాయాబజార్‌ను రెండు భాషల్లోనూ తీశారు. బొమ్మ తయారయ్యేది మన పక్కనే అయినా, తమిళనాడు లోపలి ఊళ్ళలో ఉన్న మనవాళ్ళకు దాన్ని తెలుగులో చూసే భాగ్యం తక్కువ. కొట్టాయికి వచ్చేది తమిళ ప్రింటే. తెలుగులో చూడాలంటే మద్రాసుకో, సరిహద్దు దాటి చిత్తూరు వైపుకో పోవాలి.

తర్వాత టీవీ వచ్చింది. మద్రాసులో దూరదర్శన్ కేంద్రం 1975 ఆగస్టు 15న మొదలైంది. అదే నెలలో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల పల్లెలకు టీవీ పాఠాలు పంపే సైట్ ప్రయోగం కూడా మొదలైంది. అందులో ఆంధ్రప్రదేశ్ పల్లెలకు తెలుగులో కార్యక్రమాలు వెళ్ళాయి. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చింది. మనకు మాత్రం టవర్ ఎక్కడుందో ఆ భాషే ఇంట్లోకి వచ్చింది. శుక్రవారం రాత్రి మద్రాసు నుండి వచ్చే 'ఒళియుమ్ ఒలియుమ్' పాటల కోసం వీధి మొత్తం ఒక ఇంట్లో చేరేది. హైదరాబాద్ వాళ్ళ చిత్రలహరి మన ఏంటెనాకు అందేది కాదు. ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీ నుండి వేసే ప్రాంతీయ భాషా చిత్రాల్లో తెలుగు వంతు ఎప్పుడో ఒకసారి వచ్చేది. ఆ రోజు అవ్వలకు తలంటు పండుగే.

ఈ కట్టు తెంచింది కేసెట్టు. సోనీ వాళ్ళ బీటామాక్స్ 1975లో, జేవీసీ వాళ్ళ వీహెచ్ఎస్ 1976లో జపాన్‌లో వచ్చాయి. 1982 ఆసియా క్రీడల సమయంలో మన దేశానికి కలర్ టీవీ వచ్చింది. దాని వెనకే ఊరూరా వీడియో అంగళ్ళు వెలిశాయి. వీసీఆర్‌ను, టీవీని ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, మూడు నాలుగు కేసెట్లు వేసి తెల్లవారేదాకా చూసిన తరం మనది. మద్రాసు బీచ్ స్టేషన్ ఎదురుగా ఉన్న బర్మా బజార్ 1960ల చివర, బర్మా నుండి తిరిగి వచ్చినవాళ్ళకు బతుకుతెరువుగా ఏర్పడింది. విదేశీ వీసీఆర్ కావాలంటే అందరూ అక్కడికే పోయేవారు. చరిత్రలో మొదటిసారి, ఏ భాష బొమ్మ చూడాలో మన ఇంట్లోనే నిర్ణయించుకున్నది ఆ పెట్టెతోనే. మన పెండ్లిళ్ళు, సీమంతాలు, అరవై పూర్తి వేడుకలు టేపు మీదికి ఎక్కింది కూడా అప్పుడే. ఈ సంగతికి మళ్ళీ వస్తాము.

1990లలో కేబుల్ వచ్చింది. 1993లో సన్ టీవీ, 1995లో ఈటీవీ, జెమినీ మొదలయ్యాయి. కొన్నేళ్ళపాటు కేబుల్ తమ్ముడి దయ ఉంటే తెలుగు చానెల్ ఒకటో రెండో మనకు దక్కేవి. తర్వాత సెట్‌టాప్ బాక్సులు, ప్యాకేజీలు వచ్చాయి. 2019లో చానెల్‌కు ఇంత అని విడివిడిగా ధర కట్టే పద్ధతి వచ్చాక, ఊరి ప్యాక్‌లో లేని తెలుగు చానెల్‌కు అదనంగా కట్టాలి. కట్టినవాళ్ళు కట్టారు, లేనివాళ్ళు వదిలేశారు.

ఇంతలో ఇంకో దారి తెరుచుకుంది, అది కంప్యూటర్ దారి. 1993లో వీసీడీకి ఒక ప్రమాణం ఏర్పడింది. మన దేశపు పాల్ పద్ధతిలో ఆ బొమ్మ వెడల్పు 352 చుక్కలు, ఎత్తు 288 చుక్కలు. ఒక డిస్క్‌లో 74 నిమిషాలు పట్టేది. అందుకే రెండున్నర గంటల తెలుగు సినిమాకు మూడు డిస్కులు ఉండేవి, సరిగ్గా పాట మధ్యలో డిస్క్ మార్చాల్సి వచ్చేది. మొదట్లో ఆ కాలపు కంప్యూటర్లకు ఈ చిన్న బొమ్మను విప్పి చూపించడం కూడా చేతకాలేదు. దానికోసం ఒక ప్రత్యేక కార్డు అమ్మేవారు. పెంటియం చిప్‌లు వేగం పెంచుకున్నాక కార్డు అవసరం పోయింది. 1990ల చివర డీవీడీ వచ్చింది, బొమ్మ 720 బై 576కు పెరిగింది, మళ్ళీ కార్డులు వచ్చాయి, మళ్ళీ చిప్‌లు ఎదిగాయి, మళ్ళీ కార్డులు పోయాయి.

ఈ చక్రాన్ని గమనించండి. మొత్తం చరిత్రకు తాళం చెవి ఇక్కడే ఉంది. బొమ్మను చిన్నదిగా మడత పెట్టే కొత్త పద్ధతి ఒకటి వస్తుంది. దాన్ని విప్పడానికి ఉన్న చిప్‌కు బలం చాలదు. కొన్నేళ్ళకు ఆ విప్పే పనిని చిప్‌లోనే ఒక మూల ప్రత్యేకంగా కట్టి పెడతారు. అప్పటినుండి చవక పెట్టె కూడా ఆ పని చెమట పట్టకుండా చేస్తుంది. 2003లో హెచ్.264, 2013లో హెచ్.265, 2018లో ఏవీ1 అనే మడత పద్ధతులు వచ్చాయి. మూడింటికీ ఇదే కథ.

పెద్ద కంపెనీలు హాల్లో పెట్టే కంప్యూటర్‌ను గొప్పవాళ్ళ వస్తువుగా అమ్మాలని చూశాయి. మైక్రోసాఫ్ట్ 2002లో మీడియా సెంటర్ ఎడిషన్ అని ఒక విండోస్ తెచ్చింది. దాంతో వచ్చే పెట్టెల ధర మనలాంటివాళ్ళకు అందేది కాదు. అదే ఏడు ఇంకో చోట కొందరు కుర్రవాళ్ళు, అదే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ ఆట పెట్టెను తెరిచి, అందులో వీడియోలు నడిపే ప్రోగ్రామ్ రాశారు. ఆ పెట్టెలో ఉన్నది 733 మెగాహెర్ట్జ్ చిప్, 64 ఎంబీ మెమరీ మాత్రమే. ఇప్పుడు జేబులో ఉన్న చవక ఫోన్‌తో పోలిస్తే అది ఏమూలకూ రాదు. అయినా డీవీడీ బొమ్మ హాయిగా ఆడేది. ఎక్స్‌బీఎంసీ అనే ఆ ప్రోగ్రామే 2014లో కోడి అని పేరు మార్చుకుంది. ఇప్పటికీ ఉచితమే. మన సంఘంలో చాలామంది వాడేది అదే.

తర్వాత మెట్లు త్వరగా చెబుతాము. 2009 ప్రాంతంలో ఎన్విడియా వాళ్ళ అయాన్ అనే చిప్ సెట్ వచ్చింది. బలహీనమైన ఇంటెల్ ఆటమ్ చిప్ పక్కన మంచి గ్రాఫిక్స్ చిప్ పెట్టి, పుస్తకమంత పెట్టెలో హెచ్‌డీ బొమ్మ ఆడించారు. 2011లో ఇంటెల్ తన మామూలు చిప్‌లలోనే క్విక్ సింక్ అనే విప్పే మూలను కట్టింది. 2012 ఫిబ్రవరి 29న రాస్ప్‌బెర్రీ పై వచ్చింది. ధర 35 డాలర్లు, అరచేతి అంత బోర్డు, 256 ఎంబీ మెమరీ. అసలు చిప్ 700 మెగాహెర్ట్జ్‌ది, నీరసం. కానీ పక్కనున్న వీడియో భాగం హెచ్.264 పూర్తి హెచ్‌డీని తేలిగ్గా విప్పేది. గొప్ప గొప్ప చిప్‌ల కోసం డబ్బు పోయనక్కరలేదని, సరైన విప్పే భాగం ఉంటే చాలని ప్రపంచానికి చూపించింది ఆ బోర్డే.

రైల్వేలో పనిచేసిన మాకు ఇది కొత్త పాఠం కాదు. 1985లో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ కౌంటర్లలో గుమాస్తా ముందు ఉండేది పెద్ద కంప్యూటర్ కాదు, ఒక మామూలు తెర, ఒక కీబోర్డు. ఒకే పని, అదే పని, ఏళ్ళ తరబడి చేసేది. ఇంటి హాల్లోని పెట్టెనూ అలాగే చూడాలి. అది ఆటలు ఆడనక్కరలేదు, లెక్కలు వేయనక్కరలేదు. బొమ్మ విప్పాలి, పాట వినిపించాలి, అవ్వ నొక్కితే పలకాలి.

ఇక ఎంపికకు వద్దాము. ముందు మీకు ఏమి కావాలో తేల్చుకోండి. కేవలం యూట్యూబ్, ఓటీటీ చాలు అనుకునేవాళ్ళకు కంప్యూటర్ అక్కరలేదు. టీవీకి తగిలించే స్టిక్ ఒకటి చాలు. ఇంకా చెప్పాలంటే ఓటీటీ వాళ్ళు కంప్యూటర్ బ్రౌజర్లకు, అందులోనూ లినక్స్‌కు, చాలాసార్లు తక్కువ నాణ్యతే ఇస్తారు, స్టిక్‌కు పూర్తిది ఇస్తారు. మన సొంత ఫైళ్ళు, పాత డిస్కులు, కేసెట్లు ఉన్నవాళ్ళకే కంప్యూటర్ పెట్టె.

రెండవది, కొత్తది కొనే ముందు ఇంట్లో ఉన్నదాన్ని చూడండి. తమిళనాడు ప్రభుత్వం 2006లో ఉచిత కలర్ టీవీ పథకం, 2011లో ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల పిల్లలకు ఉచిత లాప్‌టాప్ పథకం మొదలుపెట్టింది. మన ఇండ్లలో ఎన్నో లాప్‌టాప్‌లు బ్యాటరీ చచ్చి బీరువాలో పడి ఉన్నాయి. బ్యాటరీ లేకపోయినా చాలావరకు చార్జర్ మీద నడుస్తాయి. హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందేమో చూడండి. ఏ విడతలో వచ్చిందో దాన్ని బట్టి లోపలి చిప్ మారుతుంది. హెచ్.264 పూర్తి హెచ్‌డీ ఫైల్ ఒకటి ఆడించి చూడండి. ఆగకుండా ఆడితే మీ హోమ్ థియేటర్ కంప్యూటర్ మీ బీరువాలోనే ఉన్నట్టు. హార్డ్ డిస్క్ తీసి చిన్న ఎస్ఎస్‌డీ వేస్తే కొత్త ప్రాణం వస్తుంది. పెండ్లి వీడియోలకు అది ధారాళంగా చాలు.

మూడవది, సెకండ్ హ్యాండ్. ఆఫీసులు నాలుగైదేళ్ళకు ఒకసారి చిన్న డెస్క్‌టాప్‌లను తీసివేస్తాయి. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ అనేవి అలాంటివి. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో వెతికితే దొరుకుతాయి. ఇక్కడ చూడాల్సింది చిప్ ఎన్నో తరం అన్నదే. ఐ3నా, ఐ5నా, ఐ7నా అన్నది కాదు. ఇంటెల్ 6వ తరం హెచ్.265ను ఎనిమిది బిట్ల వరకే విప్పుతుంది. 7వ తరం నుండి పది బిట్లదీ విప్పుతుంది. ఏవీ1 కావాలంటే 11వ తరం పైన ఉండాలి. కాబట్టి 4వ తరం ఐ7 కన్నా 7వ తరం ఐ3 మన పనికి మేలు. అంగడివాడు ఐ7 అని ఆశ పెడితే నవ్వి ఊరుకోండి. ఈ పెట్టెల్లో కొన్నిటికి హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటుంది. మార్చే ముక్క ఒకటి కొనాలి.

నాలుగవది, కొత్తదే కావాలంటే. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న మినీ పెట్టెలు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. ఏవీ1, హెచ్.265 రెండూ విప్పుతాయి. చిప్‌కు 6 వాట్ల లెక్క రాసి ఉంటుంది. 8 జీబీ మెమరీ చాలు. రాస్ప్‌బెర్రీ పై 4 కూడా మంచిదే. 2019లో వచ్చిన ఆ బోర్డు హెచ్.264, హెచ్.265 విప్పుతుంది, పైగా టీవీ రిమోట్‌తోనే నడుస్తుంది. 2023లో వచ్చిన పై 5లో హెచ్.264కు ప్రత్యేక మూల తీసివేశారు. చిప్ తన బలంతోనే లాగుతుంది. కొత్తది కాబట్టి అన్నిటా మేలు అనుకోకూడదనడానికి ఇదొక సాక్ష్యం. పై ధరతో పాటు పవర్ సప్లై, డబ్బా, మెమరీ కార్డు ధర కలిపి లెక్క వేయండి. అప్పుడు సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ పక్కన పెట్టి పోల్చండి.

అయిదవది, కరెంటు. మనకు రెండు నెలలకు ఒకసారి బిల్లు, మొదటి కొన్ని యూనిట్లు ఉచితం. పాత పెద్ద కేబినెట్ కంప్యూటర్ 80 వాట్లు లాగితే, రోజుకు 5 గంటల చొప్పున 60 రోజులకు 24 యూనిట్లు. 12 వాట్లు లాగే మినీ పెట్టె అయితే 4 యూనిట్ల లోపే. స్లాబు అంచు మీద ఉన్న ఇంటికి ఇది చిన్న తేడా కాదు. పెద్ద పెట్టె ఉచితంగా వచ్చినా నెలనెలా కొంత తింటూనే ఉంటుంది. ఫ్యాను శబ్దం వేరే.

ఆరవది, లోపల వేసే ప్రోగ్రామ్. విండోస్ 10కు కంపెనీ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. పాత పెట్టెలు చాలావాటిని విండోస్ 11 ఒప్పుకోదు. అందుకని పెట్టెను పారవేయకండి. కోడి ఒక్కటే నడిపే లిబ్రెఎలెక్ అనే లినక్స్ ఉచితంగా దొరుకుతుంది. మామూలు కంప్యూటర్‌కు టీవీ రిమోట్ పలకదు కాబట్టి ఒక చిన్న యూఎస్‌బీ రిమోట్ కొనండి. అవ్వ, తాత కీబోర్డు ముట్టరు. దొంగ సినిమాలు చూపించే యాడ్-ఆన్‌ల జోలికి పోకండి. కోడిలో తప్పు లేదు, తప్పు వాటిది.

ఇప్పుడు కేసెట్ల సంగతి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. వీసీఆర్ తయారుచేసే చివరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జూలైలో తయారీ ఆపేసింది. అంటే ఈరోజు పనిచేసే వీసీఆర్ ఏదైనా పాతదే, రేపటికి ఒకటి తగ్గేదే. మన గాలిలోని తేమకు టేపుల మీద తెల్లటి బూజు పడుతుంది. బూజు పట్టిన టేపును వీసీఆర్‌లో వేస్తే, ఆ బూజు వీసీఆర్ తలకు అంటి, తర్వాత వేసే మంచి టేపును కూడా పాడుచేస్తుంది. అలాంటివి విడిగా పెట్టి, శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే ఇవ్వండి.

మంచి టేపులకు పని సులభం. వీసీఆర్ నుండి పసుపు, ఎరుపు, తెలుపు తీగలు ఒక యూఎస్‌బీ క్యాప్చర్ ముక్కలోకి, అది కంప్యూటర్‌లోకి. క్యాప్చర్ చేసేటప్పుడు మాత్రం విండోస్ గానీ, మామూలు డెస్క్‌టాప్ లినక్స్ గానీ ఉండాలి, ఒట్టి కోడి పెట్టె చాలదు. పద్ధతి పాల్ అని పెట్టండి. 720 బై 576, క్షణానికి 6 మెగాబిట్ల చొప్పున ఎక్కిస్తే మూడు గంటల టేపు 8 జీబీ కన్నా కొంచెం ఎక్కువ అవుతుంది. వంద టేపులు ఒక 1 టీబీ డిస్క్‌లో పడతాయి. ఇందులో అడ్డదారి లేదు. మూడు గంటల టేపుకు మూడు గంటలే పడుతుంది. నలభై టేపులు ఉంటే, రోజుకు రెండు చొప్పున ఇరవై రోజులు. పెండ్లి వీసీడీలు, డీవీడీలు ఇంకా తేలిక. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ పెట్టి ఫైళ్ళను కాపీ చేసుకుంటే చాలు. ఇంట్లో రాసిన డిస్కులు కూడా ఏళ్ళు గడిస్తే చదవకుండా పోతాయి కాబట్టి వాటినీ ఆలస్యం చేయకండి. ప్రతిదానికీ రెండు డిస్కుల్లో రెండు కాపీలు ఉండాలి, రెండూ ఒకే ఇంట్లో ఉండకూడదు.

ఎందుకింత శ్రమ అంటారేమో. ఆ టేపుల్లో ఉన్నది పెండ్లి భోజనాల వరస మాత్రమే కాదు. పందిట్లో అవ్వలు పాడిన తెలుగు పాటలున్నాయి. తాతలు ఒకరినొకరు పిలుచుకున్న వరసలున్నాయి. మన పల్లెల్లో మాత్రమే పలికే, ఏ పుస్తకంలోనూ అచ్చు కాని మాటలున్నాయి. తమిళ మీడియంలో చదివి, తెలుగును ఇంట్లోనే నోటితో నేర్చుకున్న మనకు వ్రాతప్రతులు లేవు. మన గ్రంథాలయం ఆ గొంతులే. 2006 చట్టంతో బడుల్లో తమిళం పదవ తరగతి దాకా మెట్టు మెట్టుగా తప్పనిసరి అయింది. తమిళం రావడం మంచిదే, అది మన ఊరి భాష, మన అన్నం భాష. కానీ తెలుగుకు మిగిలింది ఇల్లు ఒక్కటే. ఇంట్లో అవ్వ గొంతు కూడా లేకపోతే ఇంకేమి మిగులుతుంది?

ఇందులో కంప్యూటర్ పెట్టె చేసే మేలు ఒకటుంది, స్టిక్‌తో అంత సులభంగా జరగనిది. ఎస్ఆర్‌టీ అనే సబ్‌టైటిల్ ఫైల్ ఒట్టి అక్షరాల ఫైల్. ఎన్ని నిమిషాలకు ఏ మాట అని వరసగా రాసుకుంటే చాలు. అవ్వ పాడే పాటను తమిళ లిపిలో తెలుగు మాటలుగా రాసి పెడితే, తెలుగు అక్షరం రాని మనవడు కూడా కూడా పాడగలడు. తమిళ లిపిలో క, గ తేడా కనిపించదు, అది నిజమే. తెర మీద అక్షరం, చెవిలో గొంతు రెండూ కలిస్తే ఆ తేడా పిల్లలే పట్టుకుంటారు. తర్వాత అదే పాటకు తెలుగు లిపిలో రెండో ఫైల్ చేసి పెట్టండి. రిమోట్‌లో ఒక బటన్ నొక్కితే ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. దీనికన్నా చవకైన తెలుగు బడి మాకు తెలియదు.

కాబట్టి సభ్యులకు మా మనవి ఇది. పెద్ద ధర పెట్టి గొప్ప పెట్టె కొనకండి. బీరువాలోని లాప్‌టాప్‌ను ముందు లేపి చూడండి, లేవకపోతే 7వ తరం సెకండ్ హ్యాండ్ పెట్టె, దాని తర్వాతే కొత్తది. మిగిలిన డబ్బుతో రెండు డిస్కులు, ఒక క్యాప్చర్ ముక్క కొనండి. పనిచేసే వీసీఆర్ ఎవరి ఇంట్లో ఉందో కింద రాయండి, దాన్ని పాత సామాన్లవాడికి వేయకండి. నాలుగు ఇండ్లు కలిసి ఒక వీసీఆర్‌ను వాడుకోవచ్చు. టేపు మీద ఎవరి పెండ్లి, ఏ ఊరు, ఏ సంవత్సరం, పాడింది ఎవరు అన్నది, చెప్పగలిగే పెద్దవాళ్ళు ఉన్నప్పుడే అడిగి చీటీ రాసి అంటించండి. చీటీ రాయడానికి ఏ కంప్యూటరూ అక్కరలేదు, ఈ రోజే మొదలుపెట్టవచ్చు.